చేతికి తెలిసిన మాట

జూన్ 9, ఆదివారం

ప్రవీణ ఇవాళ నా ముందు గదిలో మంచం మీద పడుకుని రేకీ చేయించుకుంది. రాసి పెట్టుకోవాల్సిన రోజే ఇది.

ఆరేళ్ళుగా నన్ను చూసి నవ్విన పిల్ల. పిల్లేమిటి, నలభై మూడేళ్ళు. హైటెక్ సిటీలో దాని కింద ముప్పై మంది పనిచేస్తారు. "మా అక్క చేతుల్లో చార్జర్ ఉంది, ఫోన్లు కూడా పెట్టుకోవచ్చు" అని ఆ ముప్పై మందికీ చెప్పింది. అందులో నలుగురు మెడలు పట్టేసి నా దగ్గరికే వచ్చారు, అది వేరే సంగతి. చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని కూర్చోవడమే వైద్యం అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మొదట్లో నాకూ వచ్చింది.

ఇవాళ మాత్రం నవ్వలేదు. కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది. "నీహారికకి చెప్పొద్దక్కా" అని కూతురి పేరు చెబుతూ నా వేళ్ళు పట్టుకుని ఎడమ రొమ్ము పక్కన, చంక దగ్గర పెట్టుకుంది. చింతగింజంత ఉంది. గట్టిగా ఉంది.

"ఎన్నాళ్ళైందే?"

"రెండు వారాలు. స్నానం చేస్తుంటే తగిలింది."

"నొప్పుందా?"

"లేదు. అదే భయంగా ఉంది."

పడుకోబెట్టి నలభై నిమిషాలు చేతులు పెట్టాను. మంచి వేడి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి దాకా లాగింది. రాత్రి ఆ పక్కకే తిరిగి పడుకున్నాను, అందుకే అయ్యుంటుంది.

లేచి కూర్చుని అడిగింది. "చెప్పక్కా. నీ చేతులకి తెలుస్తుందంటావుగా. ఏముందక్కడ? హాస్పిటల్‌కి వెళ్ళనా?"

"ఏం లేదే. వేడి చేసిన గడ్డ. ఈ వయసులో మామూలే. ఇరవై ఒక్క రోజులు వరసగా చేద్దాం, అదే కరిగిపోతుంది" అన్నాను.

దాని మొహం ఎంత తేలిక పడిందో! నా చెల్లెలు నా మాట నమ్మింది. ఇన్నేళ్ళకి. ఆ తర్వాత ఆరు ఇడ్లీలు తిని, ఇంకో రెండు నీహారికకి డబ్బాలో పెట్టించుకుని వెళ్ళింది.

జూన్ 10

రెండో రోజు. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చింది. వేడి బాగుంది. చెయ్యి లాగుతూనే ఉంది. దిండు మార్చాలి.

జూన్ 15, శనివారం

తెల్లాపూర్ వెళ్ళొచ్చాను, రేకీ నేర్పే సాచికో గారి దగ్గరికి. ఆవిడ భర్త ఇక్కడ ఒక జపాన్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. అరవై రెండేళ్ళ మనిషి నేల మీద మోకాళ్ళు మడిచి రెండు గంటలు కూర్చుంటుంది. నేను పావుగంటకే గోడ వెతుక్కుంటాను.

ఇవాళ మళ్ళీ 'కి' గురించి చెప్పింది. కి అంటే మన ప్రాణమేనా అని ఎప్పుడో అడిగాను, అప్పటి నుంచీ ఆవిడని ఆ ప్రశ్న వదల్లేదట. ప్రాణమైతే ఒక్కసారే పోతుంది, కి అలా కాదు, రోజూ తగ్గుతుంది, రోజూ పెరుగుతుంది అంది. పలకరించుకునేటప్పుడు కూడా వాళ్ళు 'మీ కి బాగుందా' అన్నట్టే అడుగుతారట. రోగం అనే మాటలోనూ అదే ఉందట, కి పాడైందని. బొడ్డు కింద ఊపిరి నింపుకుని చేతుల్లోకి పంపడం ఇంకోసారి చేయించింది.

కొత్తగా చేరిన అమ్మాయి సరిత కోసం చేతి భాష మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. రోగం ఉన్న చోట చెయ్యి పెడితే చేతికి తెలుస్తుందట. ముందు వేడి. ఆ తర్వాత చీమలు పాకినట్టు. మరీ లోతైతే నొప్పి, అది మణికట్టు దాటి పైకి పాకుతుంది. నాకు తెలిసిన పాఠమే కాబట్టి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంకోటి కూడా చెప్పింది. చేతికి ఏం తెలిసినా రోగం పేరు మనం చెప్పకూడదు, అది డాక్టరు పని అని. ఆ మాట మాత్రం నాకు చాలా నచ్చింది.

జూన్ 22

ఎల్లమ్మతో గొడవైంది. ఇల్లు తుడుస్తూ తలుపు సందులోంచి చూసినట్టుంది. ప్రవీణ వెళ్ళాక నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ప్రవీణమ్మకు రొమ్ముల గడ్డ అయిందా అమ్మా?"

"నీకెందుకు ఎల్లమ్మా?"

"మా ఆడిబిడ్డకు గిట్లనే అయితే జండూబామ్ రాసుకుంట కూసుంది. ఆఖరికి ఏమైందో పుప్పాలగూడల అందరికీ ఎరుకే. జర జల్ది దవాఖానకు తోల్కపోరాదు."

"నువ్వు బాల్కనీ తుడు ముందు" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మధ్యాహ్నం కాఫీ ఇస్తే తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, ఆత్మాభిమానం ఎక్కువ. రేపు నేనే మాట్లాడతాను.

జూన్ 29, శనివారం

ఇరవై ఒకటో రోజు. ప్రవీణ తనే తడిమి చూసుకుంది. "అలాగే ఉందక్కా."

"మెత్తబడింది కదే" అన్నాను.

మళ్ళీ తడిమింది. "అవుననుకుంటా" అంది.

కంపెనీ వాళ్ళు ఏటా ఉచితంగా చేయించే హెల్త్ చెకప్ ఉందిట, జూలై నెలాఖరు లోపు వెళ్ళాలిట. పదమూడో తారీఖుకి స్లాట్ తీసుకుందిట. వెళ్ళనా మాననా అని నన్నడిగింది. అక్కడ ఆ మిషన్ల మధ్య నిన్ను నలిపి, లేని రోగం అంటగట్టి పంపుతారన్నాను. అప్పుడు నా కళ్ళ ముందు నాన్నే ఉన్నారు. ఇరవై మూడు రోజులు ఐసీయూలో పెట్టారు. గాజు తలుపు అవతల నుంచే చూడమన్నారు, చెయ్యి పట్టుకోనివ్వలేదు. ప్రతి కాయితం మీదా సంతకం నేనే పెట్టాను. ఆయన పోయిన ఏడాదే నేను రేకీ నేర్చుకున్నది, ఆ తర్వాతే ఉద్యోగం వదిలేసింది.

ప్రవీణ ఫోన్ తీసి నా ఎదురుగానే స్లాట్ రద్దు చేసేసింది. "హమ్మయ్య, ఒక పని తప్పింది" అంది. ఇంకో ఇరవై ఒక్క రోజులు మొదలు.

జూలై 14

వేడి బాగుంది.

జూలై 28, ఆదివారం

మూడో విడత. ప్రవీణకి ఆఫీసులో కొత్త ప్రాజెక్టు. రాలేని రోజుల్లో ఇక్కడ కూర్చునే దూరం నుంచి పంపిస్తున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే ఇక్కడ కూర్చున్నా నా కుడి చెయ్యి లాగుతోంది. దిండు మార్చి నెల దాటింది.

సాచికో గారు వారం పాటు కనబడలేదు. ఏమిటని అడిగితే, ఏడాదికోసారి చేయించుకునే పరీక్షలన్నీ చేయించుకుందిట, తల నుంచి పాదాల దాకా. నేను ఫక్కున నవ్వేశాను. "ఇంత కి పెట్టుకుని మీకు పరీక్షలెందుకండీ?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "సుందరి గారూ, మీరు చేయించుకోరా?" అని అడిగింది. అప్పుడైనా ప్రవీణ సంగతి చెప్పి ఉండాల్సింది. ట్రాఫిక్ ఎక్కువవుతుందని లేచి వచ్చేశాను.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం

ప్రవీణకి తోరం కట్టాక, హారతి కళ్ళకద్దుకోబోయి ఎడమ చెయ్యి పైకెత్తలేకపోయింది. ల్యాప్‌టాప్ బ్యాగు ఆ భుజానికే తగిలించుకుంటావు కదే అన్నాను. అవునంది. ఇద్దరం ఒప్పుకున్నాం.

సెప్టెంబరు 7

వినాయక చవితి. గడ్డ ఇప్పుడు చింతగింజంత కాదు, ఉసిరికాయంత.

సెప్టెంబరు 22

నడుము నొప్పి అంటోంది. రాత్రిళ్ళు పడుకోలేకపోతోందిట. సన్నబడింది. డైటింగ్ అనుకుని ఆఫీసులో అందరూ మెచ్చుకుంటున్నారట. నేనూ మెచ్చుకున్నాను.

అక్టోబరు 4, శుక్రవారం

నీహారిక కనిపెట్టింది. ఉతకడానికి బట్టలు వేస్తుంటే వాళ్ళమ్మ లోబట్ట మీద మరక కనబడిందిట. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల, పదిహేడేళ్ళు. ఎవరినీ అడగలేదు. ఫోన్లో తనే వెతికి, తనే అపాయింట్‌మెంట్ తీసుకుని, కాలేజీ మానేసి తల్లిని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళింది. వెళ్ళాక నాకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నువ్వు రా. అమ్మకి భయంగా ఉంది" అంది. గొంతు మాత్రం దానిదే వణుకుతోంది.

అక్టోబరు 8, మంగళవారం

కాలేయానికీ వెన్నెముకకీ వెళ్ళిపోయిందిట.

డాక్టరు చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడాడు. "ఎప్పటి నుంచి ఉందమ్మా ఇది?" అని అడిగాడు.

"జూన్ నుంచండి" అంది ప్రవీణ.

"జూన్‌లోనే చూపించారా ఎవరికైనా?"

ప్రవీణ నా వైపు తిరిగింది. నీహారిక పక్కనే ఉంది. నేను టేబుల్ మీదున్న కాయితాల వైపు చూశాను.

"ఎవరికీ చూపించలేదండి. ఆఫీసు పనిలో పడి పట్టించుకోలేదు" అంది.

ఆయన రాసుకున్నాడు. జూన్‌లో వచ్చుంటే ఎలా ఉండేదో గట్టిగా చెప్పలేం గానీ, చేతిలో చాలా దారులు ఉండేవి అన్నాడు. నీహారిక వాళ్ళమ్మని కోప్పడింది, అక్కడే, అందరి ముందూ. "ఆఫీసే ముఖ్యమా నీకు? నేను గుర్తు రాలేదా?" అంటూ ఏడ్చింది. ప్రవీణ ఆ తిట్లన్నీ పడింది. నేను నోరు తెరవలేదు.

రాసుకుంటుంటే ఒళ్ళు మండుతోంది నా మీద నాకే.

అక్టోబరు 9

మెడలు పట్టేసిన వాళ్ళందరికీ ఫోన్ చేసి ఇక రావద్దని చెప్పాను. కారణం అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను.

అక్టోబరు 15, మంగళవారం

సాచికో గారికి మొత్తం చెప్పాను. ఆవిడ ఏదైనా ఓదార్పు చెబుతుందని వెళ్ళాను, దాపరికం ఎందుకు.

టీ చల్లారిపోయింది. ఆ తర్వాత అడిగింది. "మొదటి రోజు చెయ్యి ఏం చెప్పింది?"

"మోచేతి దాకా నొప్పి" అన్నాను.

"అది ఏమిటో మీకు తెలుసు."

"తెలుసు. కానీ రోగం పేరు చెప్పకూడదని మీరే అన్నారు కదండీ."

"రోగం ఉందని చెప్పకూడదన్నాను. లేదని చెప్పమని నేను ఎప్పుడన్నాను?"

ఆవిడ గొంతు పెంచలేదు, అదే భరించలేకపోయాను. వాళ్ళ అమ్మ కూడా చేతులు పెట్టేదట. ఎవరు వచ్చినా ముందు డాక్టరుకి చూపించుకుని రమ్మని పంపేసి, తిరిగి వచ్చాక చేసేదట. వాళ్ళ భాషలో చికిత్స అనే మాటకి అర్థమే చెయ్యి పెట్టడం అట, కానీ ఆ మాటలో డాక్టరు చెయ్యి లేదని వాళ్ళు ఎప్పుడూ అనుకోలేదట.

తలుపు దాకా వచ్చి సాగనంపింది. మళ్ళీ ఎప్పుడు వస్తారని అడగలేదు.

నవంబరు 3

ప్రవీణా నీహారికా నా ఫ్లాట్‌కి వచ్చేశారు. రేకీ మంచం ఉన్న గదే ప్రవీణకి ఇచ్చాను. ఆ మంచం తీసేయించాను. కీమో మొదలైంది. ఎల్లమ్మ పొద్దున రెండు గంటలు ఎక్కువ ఉంటోంది, నేను అడగకుండానే. జూన్ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపిస్తోంది.

నవంబరు 20

జుట్టు. ఎల్లమ్మ ఊడ్చింది. నన్ను ఊడవనివ్వలేదు.

డిసెంబరు 18

ఇవాళ ప్రవీణ బాగుంది. ఆఫీసు వాళ్ళు ఇద్దరొచ్చారు. ఒకమ్మాయి, అశ్విని, "మేడమ్, మీ అక్కగారు రేకీ చేస్తారుగా, మీకింకేం పర్వాలేదు" అంది. పాపం మంచి మనసుతోనే అంది. ప్రవీణ నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

జనవరి 27

కొత్త స్కాన్. మందు పని చేయడం లేదుట. ఇంకో మందు మొదలుపెడతారుట. ఆ పిల్లాడు డాక్టరు ఈసారి మా కళ్ళలోకి చూడలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

అడిగేసింది.

సాయంత్రం నాలుగైంది. నీహారిక ట్యూషన్‌కి వెళ్ళింది. సత్తుజావ పట్టిస్తున్నాను. మూడు చెంచాలు తాగి తల తిప్పేసింది.

"అక్కా, ఒకటి అడుగుతాను. నిజం చెబుతావా?"

"అడగవే."

"ఆ మొదటి ఆదివారం. నీ చేతులకి ఏం తెలిసింది?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అప్పుడేం తెలియలేదే, తెలిస్తే ఊరుకుంటానా అని. చావబోతున్న మనిషికి అది చెబితే తప్పేముంది, శాంతిగా పోతుంది కదా అనుకున్నాను. కానీ జూన్‌లో నేను చేసిందీ అదే. శాంతిగా ఇంటికి పంపించాను.

"తెలిసింది" అన్నాను. "చెయ్యి మోచేతి దాకా నొప్పి పుట్టింది. అది లోతైన రోగానికి గుర్తు అని నేర్చుకున్నాను. చేతి మాట వదిలెయ్యి. వేళ్ళకి తగిలిన గడ్డ గట్టిగా ఉంది, కదల్లేదు. అది చాలు, ఎల్లమ్మకైనా అర్థమవుతుంది. నాకు అర్థమైంది."

"మరి ఏం లేదన్నావు."

"అన్నాను."

"ఎందుకక్కా?"

రెండు మూడు సార్లు మొదలుపెట్టాను. నాన్న గురించి చెప్పబోయాను. మధ్యలోనే ఆపేశాను, అది సగమే. మిగతా సగం ఎంత సిగ్గుచేటో అప్పుడే నాకూ తెలిసింది. "నువ్వు మొదటిసారి నన్ను నమ్మి వచ్చావు. హాస్పిటల్‌కి వెళ్ళమంటే నా చేతులు దేనికీ పనికిరావని నేనే ఒప్పుకున్నట్టవుతుందని... నయం చేసి చూపిద్దామనుకున్నానే. నీకు చూపిద్దామనుకున్నాను."

వెనక్కి వాలి ఫ్యాను వైపు చూసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. తుడవబోతే చెయ్యి తోసేసింది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"నాకు ఒక్కత్తే పిల్ల అక్కా" అంది. "నువ్వు నా పిల్లకి నన్ను లేకుండా చేశావు. బయటికి వెళ్ళు."

వెళ్ళాను.

ఫిబ్రవరి 12

గదిలోకి రానివ్వలేదు.

ఫిబ్రవరి 16

వండి గిన్నెల్లో పెడతాను. ఎల్లమ్మ లోపలికి తీసుకెళుతుంది. ఎల్లమ్మ లేనప్పుడు నీహారిక తీసుకెళుతుంది. "మీరిద్దరూ ఎందుకు కొట్లాడుకున్నారు పెద్దమ్మా? ఈ టైములోనా?" అని అడిగింది. పెద్దవాళ్ళ విషయాలు, నువ్వు చదువుకో అన్నాను. పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

ఇది కూడా అబద్ధమేనా? అబద్ధమే.

ఫిబ్రవరి 20

ఎల్లమ్మ బయటికి వస్తూ తలుపు దగ్గరగా వేసి, నా పక్కన నేల మీద కూర్చుంది.

"ఏడుస్తున్నది" అంది.

"నొప్పా?"

"నొప్పి కాదు. ఊకెనే. నీ మీద కోపం జేసుకున్నదని అదో ఫికర్." కొంగు సర్దుకుని, "నేను ఆనాడు ఇంకో మాట గట్టిగ చెప్పేదుండె. పనిమనిషి మాట ఎవలింటరని ఊకున్న" అంది.

అందరం తలా కొంచెం పంచుకుందామని చూస్తున్నాం. పంచుకుంటే తరిగేది కాదు ఇది. నాదే.

ఫిబ్రవరి 26

ఇవాళ శివరాత్రి. ఉపవాసం ఉన్నాను. దేవుణ్ణి ఏం అడగాలో తెలియక ఏమీ అడగలేదు.

మార్చి 2, ఆదివారం

పిలిచింది.

పొద్దున పదింటికి. నీహారిక బాల్కనీలో ఫిజిక్స్ చదువుకుంటోంది. "అక్కా" అని వినిపిస్తే ఎల్లమ్మనేమో అనుకున్నాను. ఎల్లమ్మ నా భుజం తట్టి, "నిన్నే" అంది.

పంతొమ్మిది రోజుల తర్వాత చూశాను దాన్ని. రోజూ గిన్నెలు ఖాళీగా వస్తుంటే తింటోందనుకున్నాను. ఎల్లమ్మ పారబోస్తోందన్నమాట, నేను బాధపడతానని.

"నడుము" అంది. "మందు వేసుకున్నా తగ్గట్లేదు. చెయ్యి పెట్టు."

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"రేకీ వద్దు. ఏమీ పంపకు. ఏమీ వినకు. ఊరికే పెట్టు. చిన్నప్పుడు జ్వరం వస్తే పెట్టేదానివి కదా, అలా."

పక్కకి తిప్పి పడుకోబెట్టి నడుము మీద చెయ్యి పెట్టాను. బొడ్డు కింద ఊపిరి నింపలేదు, కళ్ళు మూసుకోలేదు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ అరచేతికి తగిలాయి. నా చెల్లెలు ఇంత చిన్నదైపోయింది. గంటసేపు అలాగే కూర్చున్నాను. మధ్యలో ఒకసారి, "తగ్గలేదు, కానీ తీయకు" అంది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగే ముఖం లేదు నాకు.

మార్చి 9

రోజూ పెడుతున్నాను. పొద్దున గంట, సాయంత్రం గంట. ఒక్కోసారి ఆఫీసు సంగతులు చెబుతుంది, ఎవరికి ప్రమోషన్ రావాల్సింది, ఎవరికి వచ్చింది అని. కోపం కూడా వస్తుంది మధ్యలో. నిన్న ఉన్నట్టుండి, "ఆ స్లాట్ పదమూడో తారీఖు. నా ఫోన్లో ఇంకా మెసేజ్ ఉంది" అంది. నేను చెయ్యి తీయబోయాను. తీయనివ్వలేదు.

మార్చి 30, ఉగాది

పచ్చడి వేలితో నాకించాను. పులుపు తెలుస్తోందంది.

పరీక్షలైపోయాయి. నీహారిక నిన్నంతా నిద్రపోయింది, ఇవాళ స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ప్రవీణ చెప్పింది.

"అక్కా, నేను పోయాక అది నీ దగ్గరే ఉంటుంది. వేరే ఎవరున్నారు దానికి? వాళ్ళ నాన్న ఫోన్ నంబరు కూడా మారిపోయింది."

"ఉంటుందే. నా ప్రాణం పెట్టి చూసుకుంటాను."

"ప్రాణం సంగతి కాదు. నేను నిర్లక్ష్యం చేశాననుకుంటోంది అది. ఆఫీసు కోసం దాన్ని మర్చిపోయాననుకుంటోంది. ఆ రోజు డాక్టరు ముందు నిన్ను కాపాడాను. ఇప్పుడు ఆ మాట మోసుకుంటూ పోవాలని లేదు. నువ్వు చెప్పాలి. నేను పోయాక. అన్నీ చెప్పాలి."

"అది నన్ను వదిలేసి వెళ్ళిపోతే?"

"వెళ్ళిపోతే వెళ్ళనీ. వెళ్ళకపోతే నీ అదృష్టం. అబద్ధం చెప్పి మాత్రం దగ్గర పెట్టుకోకు. నన్ను పెట్టుకున్నట్టు."

ఒట్టు వేయమంది. వేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఉదయం ఆరున్నరకి. నా చెయ్యి నడుము మీదే ఉంది. నాకు వెంటనే తెలియలేదు. నీహారిక చెప్పింది.

ఏప్రిల్ 21

పదకొండో రోజు పనులన్నీ అయ్యాయి. సాచికో గారు తెల్లపువ్వులు పట్టుకుని వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోకి నమస్కరించింది. వెళ్ళేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. నేను గుంజుకున్నాను.

ఏప్రిల్ 24

నీహారికకి చెప్పలేదు ఇంకా. రిజల్ట్స్ వచ్చాక చెబుదామని.

రిజల్ట్స్ ఇరవై రెండో తారీఖునే వచ్చాయి. వెయ్యికి తొమ్మిది వందల నలభై. ఎవరమూ చూసుకోలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇవాళ చెప్పాను.

నీహారిక వాళ్ళమ్మ బట్టలు సర్దుతోంది. ఆఫీసు ఐడీ కార్డు బయటపడితే దాన్ని నేలకేసి కొట్టింది. "దీని కోసం చచ్చిపోయింది. నేను గుర్తే రాలేదు అమ్మకి" అంది. ఇక ఆగితే నేను మనిషిని కాదనిపించింది.

"మీ అమ్మ దాచలేదమ్మా. మొదటి పదిహేను రోజుల్లోనే నాకు చూపించింది. హాస్పిటల్‌కి వెళ్ళనా అని అడిగింది. నేనే వద్దన్నాను."

జూన్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. నా చేతికి తెలిసింది చెప్పాను. రద్దు చేయించిన స్లాట్ చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, ఫిబ్రవరిలో వాళ్ళమ్మకి చెప్పిన మాటల్లోనే. ఎక్కడా నన్ను నేను వెనకేసుకు రాలేదు. ఒకచోట రాబోయాను, ఆగిపోయాను.

నీహారిక వాళ్ళమ్మ చున్నీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం చేస్తోంది.

"అమ్మకి తెలుసా ఇదంతా?"

"ఫిబ్రవరిలో చెప్పాను."

"అందుకేనా నిన్ను రానివ్వనిది?"

"అందుకే."

"మళ్ళీ పిలిచింది కదా. రోజూ నీ చెయ్యే పెట్టించుకుంది కదా."

"అవునమ్మా."

"తెలిసి కూడా?"

"తెలిసి కూడా."

అప్పుడు ఏడ్చింది. వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. "అమ్మని అందరి ముందూ తిట్టాను పెద్దమ్మా, హాస్పిటల్లో. ఒక్క మాట తిరిగి అనలేదు నన్ను" అంటూ ఏడ్చింది. దగ్గరికి తీసుకుందామని, వీపు నిమురుదామని లేచాను. ఎవరైనా అదే చేస్తారు.

చున్నీ గుండెలకి పట్టుకుని వెనక్కి జరిగింది.

"నేను ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను, చదువుకుంటాను. నువ్వు వండితే తింటాను" అంది. "నన్ను మాత్రం ఎప్పుడూ ముట్టుకోకు పెద్దమ్మా."

"సరేనమ్మా" అన్నాను.